పాత కారు: షెడ్డుకా, తుక్కుకా?

ఎండలు ముదిరాక అనంతపురం మెకానిక్ షెడ్లలో తరచుగా కనిపించే దృశ్యం ఒకటుంది. పన్నెండు, పదమూడేళ్ల చిన్న కారు బానెట్ ఎత్తి ఉంటుంది. రేడియేటర్ మూత తీస్తే లోపల ఇటుక రంగు నీళ్లు, మూత అంచును గోటితో గీకితే రాలే తెల్లటి పెచ్చు. ఇంజన్ ఆయిల్ పోసే మూత విప్పి తిరగేస్తే, పాలు ఎక్కువైన కాఫీ రంగులో జిడ్డు పేరుకుని ఉంటుంది. ఆయిల్‌లోకి నీళ్లు చేరాయనడానికి అది గుర్తు. చలి ప్రదేశాల్లో ఆవిరి నీరుగా మారి కూడా అలాంటి జిడ్డు పట్టవచ్చు గానీ, అనంతపురం ఏప్రిల్‌లో ఆ అవకాశం తక్కువ. హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ పై భాగమైన హెడ్‌కూ కింది భాగానికీ మధ్య ఉండే పలుచని సీలు) పోయిందని, హెడ్ విప్పితే గానీ ఖర్చు ఎంతవుతుందో చెప్పలేనని మెకానిక్ అంటాడు. ముప్పై నలభై వేలు పెట్టి బాగు చేయించడమా, వచ్చినకాడికి అమ్మేసి కొత్త కారుకు అడ్వాన్స్ కట్టడమా అన్న ప్రశ్న ఆ కుటుంబానికి అక్కడికక్కడే ఎదురవుతుంది.

దీన్ని తేల్చుకోవడానికి చాలామంది వాడే కొలబద్ద ఒకటే. అమ్మితే లక్షన్నర కూడా రాని కారు మీద యాభై వేలు పెట్టడం దండగ అన్నది ఆ కొలబద్ద. వినడానికి సబబుగా ఉన్న ఈ మాటలో పెద్ద పొరపాటుంది. మరమ్మతు ఖర్చును పోల్చవలసింది పాత కారు అమ్మకపు ధరతో కాదు, ఆ కారు లేకపోతే అదే ప్రయాణాలకు అయ్యే ఖర్చుతో. అమ్మకపు ధర అనేది కొనేవాడు ఇచ్చే విలువ మాత్రమే. ఇంటివారికి ఆ కారు వల్ల జరిగే పని విలువ వేరు.

లెక్క ఇలా వేసి చూడవచ్చు. రోడ్డు మీదికి వచ్చేసరికి ఏడున్నర లక్షలయ్యే చిన్న కారును, లక్షన్నర చేతి నుంచి కట్టి మిగతా ఆరు లక్షలు తొమ్మిదిన్నర శాతం వడ్డీకి ఐదేళ్ల అప్పుగా తీసుకుంటే, నెలవారీ కిస్తీ సుమారు 12,600 రూపాయలు అవుతుంది. ఐదేళ్లలో వడ్డీ కిందే లక్షా యాభై వేలకు పైగా పోతుంది. అప్పటికి కారు విలువ సగానికి తగ్గుతుందనుకుంటే, తరుగుదల, వడ్డీ కలిపి ఐదు లక్షల ముప్పై వేలు, అంటే ఏడాదికి లక్షా ఆరు వేలు. కొత్త కారు కొన్నప్పుడు కట్టిన జీవితకాల పన్ను, ఆంధ్రప్రదేశ్‌లో ధరలో పదో వంతుకు మించేదే, ఈ ఏడున్నర లక్షల్లోనే కలిసి ఉంది; దాన్ని ఎవరూ తిరిగి ఇవ్వరు. రెండో వైపు, పాత కారుకు ఇప్పుడు యాభై వేలు పెట్టి, ఆ తర్వాత ఏటా ముప్పై వేల చొప్పున ఖర్చు చేశారనుకుందాం. పైగా ఇవాళ అమ్మితే వచ్చే లక్షన్నర కూడా ఐదేళ్ల తర్వాత సున్నా అవుతుందనే అనుకుందాం. అయినా మొత్తం మూడున్నర లక్షలు, ఏడాదికి డెబ్బై వేలు. తేడా ఏటా 36 వేలు, పాత కారు వైపే మొగ్గుతోంది.

అయితే ఈ మొగ్గు కారు ఎంత తిరుగుతుందన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. పాత కారు లీటరుకు పదిహేను కిలోమీటర్లు, కొత్తది ఇరవై ఇస్తాయనుకుంటే, ఏడాదికి ఆరు వేల కిలోమీటర్లు తిరిగే ఇంటికి వంద లీటర్ల పెట్రోలు మిగులుతుంది. లీటరు 110 రూపాయల లెక్కన పదకొండు వేలు. మొగ్గు తగ్గుతుంది గానీ మారదు. అదే ఏడాదికి ఇరవై వేల కిలోమీటర్లు తిరిగితే 333 లీటర్లు, అంటే 36 వేల పైచిలుకు మిగులుతాయి. పాత కారుకు ఉన్న అనుకూలత అక్కడితో సరిసమానమవుతుంది. దారిలో ఆగిపోతే అయ్యే ఖర్చు, పని దినాల నష్టం కలిపితే తక్కెడ కొత్త కారు వైపుకు ఒరుగుతుంది. బడికి, సంతకు, ఊళ్లో పెళ్లిళ్లకు తిరిగే కారుకూ, వ్యాపారం మీద వారానికి రెండుసార్లు బెంగళూరు వెళ్లివచ్చే కారుకూ ఒకే సలహా చెల్లకపోవడానికి కారణం ఇదే.

రాయలసీమ వాతావరణం ఈ లెక్కలో ఒక ప్రత్యేకమైన భాగం. కోస్తాలో, ముఖ్యంగా సముద్రపు గాలి తగిలే విశాఖపట్నం, కాకినాడ వంటి చోట్ల, పాత కారును ముందుగా తినేది తుప్పు. తలుపుల అడుగు, చక్రాల గూళ్లు, సస్పెన్షన్ బిగించే చోట్లు లోలోపల చిల్లులు పడ్డాక ఆ బాడీని నమ్మదగిన స్థితికి తేవడం చాలా కష్టం. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల మాత్రమే వాన కురిసే అనంతపురంలో ఆ బాధ తక్కువ. పదిహేనేళ్ల కారు కింద పడుకుని చూసినా, పైన ఎర్రమట్టి పట్టి ఉంటుందే తప్ప రేకు గట్టిగానే ఉంటుంది. ఇక్కడి ఎండ ముందుగా తినేది రబ్బరును, ప్లాస్టిక్‌ను, బ్యాటరీని, ఇంజన్‌ను చల్లబరిచే వ్యవస్థను. తాడిపత్రి చుట్టూ నాపరాయి పాలిష్ దుమ్ములోనో, పల్లెల మట్టి దారుల్లోనో తిరిగే కారుకు గాలి ఫిల్టర్ చెప్పిన గడువులో సగానికే మూసుకుపోతుంది. హోస్‌లు, బుష్‌లు, బెల్టులు, వాటర్ పంప్, రేడియేటర్ ఇవన్నీ విప్పి మార్చదగిన వస్తువులు. మార్చలేని బాడీ నిలబడి, మార్చగలిగిన భాగాలు అరగడమే ఈ ప్రాంతపు పాత కార్ల లక్షణం. కాబట్టి మరమ్మతు వైపు మొగ్గడానికి ఇక్కడ ఉన్నంత ఆధారం తీరప్రాంతంలో ఉండదు.

రేడియేటర్ సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడి ఇంజన్ల ఆయుష్షును తగ్గించే తప్పులు రెండు దాని దగ్గరే జరుగుతాయి. మొదటిది బోరు నీళ్లు. జిల్లాలో చాలాచోట్ల భూగర్భ జలం గట్టి నీరు. సున్నపు లవణాలు ఎక్కువ. ఇంట్లో నీళ్లు కాచే పాత్ర అడుగున పట్టే తెల్లటి పొర ఎలాంటిదో, రేడియేటర్ సన్నని గొట్టాల్లో పట్టేదీ అలాంటిదే. కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం) తగ్గినప్పుడల్లా సీసాతో బోరు నీళ్లు పోస్తూ పోతే, నాలుగైదేళ్లలో గొట్టాలు సగం మూసుకుపోతాయి. పెనుకొండ దాటి ఎత్తులు ఎక్కేటప్పుడు, ఏసీ వేసి ఐదుగురు కూర్చున్న కారులో వేడి ముల్లు పైకి లేచేది అప్పుడే. అల్యూమినియం హెడ్ ఒకసారి బాగా వేడెక్కితే వంగుతుంది, గ్యాస్కెట్ పగులుతుంది. రెండో తప్పు, వేడెక్కకుండా ఉంటుందని థర్మోస్టాట్‌ను, అంటే ఇంజన్ తగినంత వేడెక్కేదాకా కూలెంట్‌ను రేడియేటర్‌లోకి పోనివ్వని వాల్వును, తీసి పారేయించడం. థర్మోస్టాట్ లేని ఇంజన్ ఊళ్లో చిన్న తిరుగుళ్లలో ఎప్పుడూ తగినంత వేడెక్కదు, పెట్రోలు ఎక్కువ తాగుతుంది, త్వరగా అరుగుతుంది. అసలు జబ్బయిన మూసుకుపోయిన రేడియేటర్ మాత్రం అలాగే ఉంటుంది. డిస్టిల్డ్ వాటర్‌తో కలిపిన కూలెంట్‌ను కంపెనీ పుస్తకంలో చెప్పిన గడువుకు మార్పించడానికి అయ్యే ఖర్చు రెండు వేల లోపే. ఆ రెండు వేలు పెట్టనందువల్లే నలభై వేల బిల్లు వచ్చిందా, లేక ఇంజన్ నిజంగా అరిగిపోయిందా అన్నది నిర్ణయానికి ముందు తేల్చుకోవలసిన మొదటి సంగతి.

అది తేల్చడానికి ఊహ అక్కర్లేదు. రాత్రంతా నిలిపి ఉంచిన కారును పొద్దున్నే స్టార్ట్ చేసి, వెనక నిలబడి చూడాలి. నీలి పొగ వస్తే ఆయిల్ కాలుతున్నట్టు. ఇంజన్ వేడెక్కాక కూడా తీపి వాసనతో తెల్లటి పొగ ఆగకుండా వస్తుంటే కూలెంట్ లోపలికి పోతున్నట్టు. తర్వాత స్పార్క్ ప్లగ్గులు విప్పి, ఒక్కో సిలిండర్‌లో ఒత్తిడి ఎంత వస్తుందో కొలిచే కంప్రెషన్ టెస్ట్ చేయించాలి. అన్ని సిలిండర్ల రీడింగ్‌లూ ఒకదానికొకటి దగ్గరగా, కంపెనీ చెప్పిన పరిమితిలో ఉంటే ఇంజన్ కింది భాగం బాగున్నట్టే. హెడ్ పని, గ్యాస్కెట్, రేడియేటర్‌తో కారు మరో ఐదేళ్లు నడుస్తుంది. అన్నీ పడిపోయి ఉంటే సిలిండర్లు అరిగి ఇంజన్ బోరింగ్‌కు వచ్చినట్టు, అప్పుడు లెక్క మారుతుంది. ఖర్చులో పెద్దదీ చిన్నదీ చూడటం కంటే, ఆ ఖర్చు ఒక్కసారితో తీరేదా కాదా అని చూడటం ముఖ్యం. క్లచ్ ప్లేట్, టైర్లు, షాక్ అబ్జార్బర్లు ఒకే ఏడాదిలో వచ్చి బిల్లు అరవై వేలైనా, అవి మరో నాలుగైదేళ్ల దాకా తిరిగి రావు. నెలకోసారి వైరింగ్, సెన్సర్, ఎక్కడో కారే ఆయిల్ అంటూ మూడు వేల చొప్పున పోయే కారు దానికంటే ప్రమాదకరం, ఎందుకంటే దేనికీ ముగింపు ఉండదు.

పర్యావరణం విషయంలో కొత్త కారు కొనడమే బాధ్యత అనే మాట బాగా వినిపిస్తుంది. దాన్ని కూడా లెక్కకు పెట్టాలి. లీటరు పెట్రోలు మండితే 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. ఏటా ఆరు వేల కిలోమీటర్లు తిరిగే ఇంటికి, పైన చెప్పిన వంద లీటర్ల పొదుపు 230 కిలోలతో సమానం. చిన్న పెట్రోలు కారు ఒకటి తయారు కావడానికి, గనిలో ఇనుప ఖనిజం నుంచి షోరూమ్ దాకా, వెలువడేది ఐదారు టన్నులని సాధారణ అంచనా. 2019 నుంచి పెనుకొండ దగ్గరి కియా కర్మాగారం నుంచి ట్రెయిలర్ల మీద బయలుదేరే కార్ల వెనక ఎంత ఉక్కు, ఎంత గాజు, ఎంత కరెంటు ఉందో ఊహిస్తే ఆ అంకె అర్థమవుతుంది. ఏటా 230 కిలోల చొప్పున ఐదు టన్నులు తీరడానికి ఇరవై ఏళ్లు దాటుతుంది. అప్పటికి ఆ కొత్త కారే పాతబడిపోతుంది. ఇరవై వేల కిలోమీటర్లు తిరిగే ఇంటికైతే ఏడేళ్లలో తీరుతుంది. ఇంకొక విషయాన్ని చాలామంది మరిచిపోతారు: అమ్మేసిన పాత కారు మాయం కాదు. అది ధర్మవరంలోనో, ఉరవకొండలోనో మరో ఇంటి ముందు నిలబడి పొగ వదులుతూనే ఉంటుంది. అమ్మినవారి లెక్కలోంచి మాత్రమే అది తొలగింది.

పాత డీజిల్ కార్ల విషయంలో ఈ వాదన చెల్లదు. వాహనాల పొగకు పరిమితి పెట్టే పాత బీఎస్-3 నిబంధనల ప్రకారం డీజిల్ కారు కిలోమీటరుకు 50 మిల్లీగ్రాముల దాకా మసి వదలవచ్చు. 2020 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న బీఎస్-6లో ఆ పరిమితి 4.5 మిల్లీగ్రాములు. ఆ మసి వాతావరణంలో ఎక్కడో కలిసేది కాదు, వీధిలో ఆడుకునే పిల్లల ఊపిరితిత్తుల్లోకి వెళ్లేది. ఎత్తు ఎక్కేటప్పుడు నల్ల పొగ చిమ్మే పాత డీజిల్ బండి, ఇంజెక్టర్లు సరిచేయించాక కూడా అలాగే ఉంటే, దాన్ని వదిలేయడమే సరైన పని.

డబ్బు, పొగ ఈ రెండూ తక్కువ తిరిగే చిన్న పెట్రోలు కారును నిలుపుకోమనే చెబుతాయి. ఇక భద్రత ఉంది. అది వాటిలా సర్దుబాటుకు లొంగదు. అనంతపురం నుంచి బెంగళూరు రెండు వందల పైచిలుకు కిలోమీటర్లు; ఆసుపత్రికి, విమానాశ్రయానికి, ఉద్యోగాలు చేసుకుంటున్న పిల్లల దగ్గరికి వెళ్లే కుటుంబాలకు 44వ నంబరు జాతీయ రహదారి ఇంటి వీధి అంత అలవాటైన దారి. కర్నూలు వారికి అదే రహదారి మీద హైదరాబాద్, కడప వారికి రాజంపేట మీదుగా తిరుపతి. ఈ దారుల్లో లారీల మధ్య గంటకు తొంభై కిలోమీటర్ల వేగంతో వెళ్లే కారుకు ఏ భద్రత ఉందో అడగాలి. మన దేశంలో కొత్త కార్లన్నింటికీ ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) తప్పనిసరి అయింది 2019 ఏప్రిల్‌లో. డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ అదే ఏడాది జూలైలో, ముందు నుంచీ పక్క నుంచీ గుద్ది చూసే పరీక్షల నిబంధన అన్ని మోడళ్లకూ అదే ఏడాది అక్టోబరులో వర్తించాయి. డ్రైవర్ పక్క సీటుకు ఎయిర్‌బ్యాగ్ అన్ని కార్లలో వచ్చేసరికి 2021 ముగిసింది. అంతకు ముందు అమ్ముడైన చవక రకాల్లో ఇవేవీ లేనివి లక్షల్లో ఉన్నాయి. ఇంజన్‌ను బోరింగ్ చేయించవచ్చు, గేర్‌బాక్స్ మార్పించవచ్చు. ఎయిర్‌బ్యాగ్‌లను, గుద్దినప్పుడు నలిగి లోపలివారిని కాపాడే ముందు భాగాన్ని ఏ షెడ్డులోనూ తర్వాత అమర్చలేరు. ఏ మరమ్మతూ దాటలేని గీత ఇదే.

కాబట్టి కారు వయసు ఎంత అన్న ప్రశ్న కంటే, అది ఎటు తిరుగుతోంది అన్న ప్రశ్నే నిర్ణయాత్మకం కావాలి. ఊరి వీధుల్లో నలభై కిలోమీటర్ల వేగం దాటని పాత కారును బాగు చేయించి నిలుపుకోవడంలో వివేకం ఉంది. అదే కారులో ముసలి తల్లిదండ్రులను, చిన్నపిల్లలను ఎక్కించుకుని నెలనెలా రహదారి ఎక్కుతుంటే, ఇంజన్ ఎంత చక్కగా ఉన్నా మార్చడమే మేలు. మధ్యలో మరో దారి కూడా ఉంది, దాన్ని తగినంతగా ఎవరూ పట్టించుకోరు: దూర ప్రయాణాలకు రైలో, ఆర్టీసీ బస్సో, అద్దె కారో వాడుకుని, పాత కారును ఊరికే పరిమితం చేయడం. నెలకు ఒకసారి ఆరేడు వేలిచ్చి అద్దె కారు తీసుకున్నా అది పన్నెండు వేల ఆరు వందల కిస్తీ కంటే తక్కువే. లేదా, సగం విలువ ఇప్పటికే తగ్గిపోయిన 2020, 2021 నాటి సెకండ్ హ్యాండ్ కారును, సర్వీసు రికార్డు చూసి కొనడం. ఏబీఎస్ ఉంటుంది, డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ ఉంటుంది, తరుగుదలలో పెద్ద భాగాన్ని మొదటి యజమాని భరించి ఉంటాడు. పక్క సీటు ఎయిర్‌బ్యాగ్ ఉందో లేదో మాత్రం చూసుకోవాలి. మధ్యతరగతి కుటుంబానికి ఈ మూడో దారి చాలాసార్లు మిగతా రెండింటికంటే మెరుగు.

నిలుపుకోవాలని నిర్ణయించుకున్న కారుకు టైర్ల వయసు తప్పక చూడాలి. టైర్ పక్క గోడ మీద డాట్ అక్షరాల వరస చివర నాలుగు అంకెలుంటాయి. 2319 అని ఉంటే 2019లో ఇరవై మూడో వారంలో తయారైందని అర్థం. తక్కువగా తిరిగే కార్లలో గాడులు లోతుగానే ఉంటాయి గనుక టైర్ బాగుందనుకుంటారు. కానీ ఎండకు నిలబడి నిలబడి రబ్బరు గట్టిపడి, పక్కల్లో వెంట్రుకవాసి పగుళ్లు వస్తాయి. మే నెల మధ్యాహ్నం కాలే తారు మీద పగిలేది అలాంటి టైరే. ఆరేళ్లు దాటిన టైర్లను గాడులతో నిమిత్తం లేకుండా మార్చాలి. బ్రేక్ ఆయిల్‌ను రెండేళ్లకోసారి మార్పించడం కూడా అలాంటిదే.

పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలవడం పాత కార్లకు కొత్తగా వచ్చిన చిక్కు. మైలేజీ కొంత తగ్గుతుంది, పాత రబ్బరు పైపులు, సీళ్లు ముందుగా మార్చవలసి రావచ్చు. అంతమాత్రాన కారును వదిలేయనక్కర్లేదు. విడిభాగాల కొరత అంతకంటే గట్టి కారణం. షెవర్లే కార్ల అమ్మకం 2017తో మన దేశంలో ఆగింది, ఫోర్డ్ ఇక్కడ తయారీ ఆపేస్తున్నట్టు 2021లో ప్రకటించింది. అలాంటి కారుకు ప్రతి చిన్న భాగమూ బెంగళూరు నుంచి తెప్పించుకోవలసి వస్తే, బిల్లు తక్కువైనా వారాల తరబడి కారు షెడ్డులోనే ఉంటుంది. 2014లోనే తయారీ ఆగిన మారుతి 800కు మాత్రం ఇప్పటికీ చిన్న పట్టణాల్లోనూ భాగాలు దొరుకుతాయి.

పదిహేనేళ్లు నిండితే కారును తుక్కు చేయాల్సిందేనన్న భయం జిల్లాలో బలంగా ఉంది. దీన్ని ఆసరా చేసుకుని తక్కువ ధరకు కార్లు లాక్కునేవారూ ఉన్నారు. పదేళ్ల డీజిల్, పదిహేనేళ్ల పెట్రోలు కార్ల మీద నిషేధం మాట ఢిల్లీ, దాని చుట్టుపక్కల ప్రాంతానికి సంబంధించినది. ఆంధ్రప్రదేశ్‌లో సొంత కారు రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లు చెల్లుతుంది. ఆ తర్వాత కారు నడవదగిన స్థితిలో ఉందని రవాణా శాఖ తనిఖీలో తేలితే ఐదేళ్ల చొప్పున పునరుద్ధరిస్తారు. గడువు ముగియడానికి అరవై రోజుల ముందు నుంచి దరఖాస్తు చేసుకోవచ్చు. కారుకు పునరుద్ధరణ రుసుము 2022 ఏప్రిల్ నుంచి 5,000 రూపాయలు; ఇరవై ఏళ్లు దాటిన కార్లకు 2025 ఆగస్టులో దాన్ని 10,000 చేశారు. హరిత పన్ను అదనం. ఇవన్నీ కలిపినా ఒక నెల కిస్తీ అటూ ఇటూగా ఉంటుంది. బీమా విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం: పదేళ్లు దాటిన కారుకు సాధారణ పాలసీలో ప్రమాద మరమ్మతుల క్లెయిమ్ వస్తే, ఇనుప భాగాల ధరలో కూడా సగం తరుగు కింద కోసేస్తారు.

వదులుకోవాలని నిర్ణయించుకుంటే, ఎలా వదులుకుంటున్నారన్నదాని మీద కూడా బాధ్యత ఉంటుంది. 2009 అక్టోబరు వరదలో కర్నూలు మునిగినప్పుడు, 2021 నవంబరులో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేరు నది ఊళ్ల మీద పడినప్పుడు, ఎన్నో వాహనాలు నీట నానాయి. వైరింగ్‌లోకి, గేర్‌బాక్స్‌లోకి బురద నీరు చేరిన కారు పైకి ఎంత మెరిసినా లోపల నెమ్మదిగా చెడిపోతూనే ఉంటుంది. ప్రమాదంలో పైకప్పును మోసే పిల్లర్లు వంగి వెల్డింగ్ చేయించిన కారు కూడా అంతే. ఆ సంగతి దాచి మరో కుటుంబానికి అమ్మడం అంటే ఆ ప్రమాదాన్ని వాళ్ల పిల్లల మీదికి నెట్టడమే. అలాంటి కారు తుక్కుకే వెళ్లాలి.

అమ్మే పక్షంలో, తాళాలు, ఆర్‌సీ చేతికిచ్చి డబ్బు లెక్కపెట్టుకుంటే పని అయిపోదు. రవాణా శాఖ రికార్డులో పేరు మారేదాకా ఆ కారుకు యజమాని పాతవారే. ఈలోగా ప్రమాదం జరిగితే పరిహారం బాధ్యత రికార్డులో పేరున్న యజమానిదేనని సుప్రీంకోర్టు 2018లో స్పష్టంగా చెప్పింది. రాష్ట్రంలోనే అమ్మితే పద్నాలుగు రోజుల్లో అమ్మకం సంగతి కార్యాలయానికి తెలియజేయాలి. తుక్కుకు ఇచ్చేటప్పుడు పాత ఇనుము కొనే గుజిరీ దుకాణం కిలోకు రెండు రూపాయలు ఎక్కువిచ్చినా, అక్కడ బ్యాటరీలోని సీసం, యాసిడ్, పాత ఆయిల్ పోయేది మురుగు కాలువలోకి; ఛాసిస్ నంబరు ఎవరి చేతిలో పడుతుందో తెలియదు. 2021 సెప్టెంబరు నిబంధనల కింద నమోదైన తుక్కు కేంద్రానికి ఇస్తే డిపాజిట్ సర్టిఫికెట్ ఇస్తారు. దాన్ని చూపితే కొత్త కారు రిజిస్ట్రేషన్ రుసుము మాఫీ అవుతుంది, వాహన పన్నులో 25 శాతం దాకా రాయితీ ఇచ్చే వీలును కేంద్రం రాష్ట్రాలకు కల్పించింది. కారును ముక్కలు చేశాక ఆ కేంద్రం ఇచ్చే ధ్రువపత్రాన్ని అడిగి తీసుకోవాలి, ఆర్‌సీ రద్దయిందో లేదో రవాణా శాఖ వెబ్‌సైట్‌లో నంబరు కొట్టి చూసుకోవాలి. అక్కడ రద్దయినట్టు కనిపించేదాకా ఆ కారు ఇంకా ఆ ఇంటి పేరు మీదే ఉన్నట్టు.